తడి తగలని చెయ్యి

చెయ్యి విరిగినప్పుడు ఏడవని తెల్లమ్మకి, డ్రెస్సింగు గదిలో డాక్టరు అడిగిన ఒక్క మాటకి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నీళ్లలో పెట్టారు కదూ?" అన్నాడాయన.

బల్ల మీది రబ్బరు గుడ్డ మీద ఆమె కుడిచెయ్యి వెల్లకిలా పడి ఉంది. మణికట్టు నుంచి మోచేతి దాకా కుట్లు. ఆ వరస పైనా కిందా శుభ్రంగానే ఉంది. నడుమ మాత్రం ఎర్రగా ఉబ్బి నున్నగా మెరుస్తోంది. సిస్టరు పక్కనుంచి మెల్లగా ఒత్తేసరికి రెండు కుట్ల సందులోంచి పసుపుపచ్చని చీము పైకొచ్చింది. ఉతుకుల షెడ్డులో సబ్బు నురగ మీద కాలు జారి, తడి దుప్పట్ల గంపతో సహా పడి ముంజేతి ఎముకలు రెండూ విరగ్గొట్టుకుంటే, ఆపరేషను చేసి లోపల ప్లేట్లు పెట్టి మరలు బిగించింది ఈ డాక్టరే. తన చేతిపని ఇలా అయినందుకు ఆయన మొహం కూడా అంత బాగా లేదు.

"లేదండీ, చుక్క కూడా తగల్లేదు," అంది తెల్లమ్మ.

డాక్టరు ఆమె అరచేతిని దీపం కిందికి తిప్పి వేళ్ల కొనలు చూశాడు. తెల్లగా పాలిపోయి ముడతలు పడ్డ కొనలు. గోళ్ల చుట్టూ చర్మం లేచిపోయి ఉంది. "ఈ వేళ్లే చెబుతున్నాయి కదమ్మా," అన్నాడు. కోపంగా కూడా అనలేదు. ఇలాంటివాళ్లని రోజూ చూస్తూనే ఉంటాం అన్నట్టు అన్నాడు.

ఆ వేళ్లు ఈనాటివా? బుద్ధి తెలిసినప్పటి నుంచి సబ్బులోనూ సోడాలోనూ నానిన వేళ్లు. ఏడాదిపాటు ఎండలో ఆరబెట్టినా వాటి ముడత విప్పుకోదు. ఆ సంగతి చెబుదామని తెల్లమ్మ నోరు తెరిచేలోపే ఆమె మొగుడు అందుకున్నాడు.

"నెత్తీ నోరూ కొట్టుకుని చెబుతున్నాను సార్. ఈవిడ నీళ్లని చూస్తే ఆగే రకం కాదు. నేను ఇంట్లో ఉన్నంతసేపూ బుద్ధిగానే ఉంటుంది. నేను బట్టలివ్వడానికి వీధిలోకెళ్తే ఏం చేస్తుందో ఎవరికి తెలుసు?"

తెల్లమ్మకి తల కొట్టేసినట్టయింది. డాక్టరు పరాయివాడు, వేళ్లు చూసి ఏదో అనుకున్నాడు. ఇన్నేళ్లు కాపరం చేసినవాడికి ఏమొచ్చింది? పుండు మీద కారం చల్లడమంటే ఏమిటో ఆమెకి ఆ గదిలోనే తెలిసింది.

డాక్టరు చీము కొంచెం దూదిపుల్లతో తీసి పరీక్షకి పంపించాడు. మాత్రలు మార్చాడు. "ఇప్పటికి పైపైనే ఉన్నట్టుంది. లోపల ప్లేటు దాకా దిగిందంటే మళ్లీ కోసి కడగాలి. అప్పటికీ లొంగకపోతే ప్లేటే తీసెయ్యాల్సి రావచ్చు. ఎముక అతుక్కోకముందే తీస్తే ఆ చేత్తో తడిబట్ట పిండటం మాట మర్చిపోండి. శుక్రవారం చూస్తాను. ఈలోపు నీళ్ల జోలికెళ్తే మాత్రం నన్ననకండి," అన్నాడు.

ఆయన అటు వెళ్లగానే సిస్టరు కుట్లన్నీ మందుతో తుడిచి, మెత్తటి గాజుగుడ్డ వేసి, దాని మీద కొత్త కట్టు చుట్టడం మొదలుపెట్టింది. ఇందాక విప్పి పళ్లెంలో పడేసిన పాత కట్టు వైపు చూసి, "అన్నట్టు ఇంటి దగ్గర పైకట్టు ఎవరు మారుస్తున్నారు?" అని అడిగింది.

"నేనేనండి," అన్నాడు మొగుడు.

"భలే కట్టారు. ఎక్కడా ఒక్క ముడత లేదు, ఒక్క అంగుళం జారలేదు. మా దగ్గర పని నేర్చుకునే అమ్మాయిలకి చూపించాలి."

మొగుడి ఛాతీ అంత లావున పొంగింది. చెయ్యి పాడుచేసుకున్నందుకు పెళ్లానికి చీవాట్లు, కట్టు కట్టినందుకు మొగుడికి మెప్పులు. పంపకం భేషుగ్గా కుదిరింది. 

*

ఆమెని తెల్లమ్మ అనేది ఒంటిరంగు చూసి కాదు. ఆమె చేతిలో పడ్డ బట్ట కొన్ననాటికంటే తెల్లగా తిరిగొస్తుందని వీధిలోవాళ్లు పెట్టుకున్న పేరు అది. మొగుణ్ణి మడతయ్య అంటారు. అతను ఇస్త్రీ చేసి మడిచిచ్చిన చొక్కాని విప్పి తొడుక్కోవడానికి మనసొప్పదని ఎదురింటి పంతులమ్మగారు అంటుంటుంది. ముందుగదిలో అతని బల్ల, ఇస్త్రీపెట్టె, తాళ్లకి వేలాడే చొక్కాలు. నడిమిగదిలో మంచం, పొయ్యి, కాపరం. వెనకాల రేకుల షెడ్డులో తెల్లమ్మ రాజ్యం. రెండు సిమెంటు తొట్లు, ఒక కుళాయి, అరిగిపోయిన బండ, ఎండలో నాలుగు వరసల తాళ్లు. అతని గదిలో ఆమె వేలు పెట్టదు, ఆమె షెడ్డులో అతను కాలు పెట్టడు. అలాగే ఇన్నేళ్లూ సుఖంగా జరిగిపోయింది.

ఇంటికి రాగానే మడతయ్య చేసిన మొదటి పని ఆ షెడ్డుకి తాళం వెయ్యడం.

"ఇదేంటి?" అంది తెల్లమ్మ.

"తాళం."

"నాకు కళ్లున్నాయి. ఎందుకూ అని."

"నీ చెయ్యి నాకు కావాలి గనక," అని తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"స్నానమప్పుడు నువ్వే కదయ్యా నా చెయ్యి పట్టుకుని నుంచుంటున్నావు? నీళ్లు తగిలాయా?"

అది నిజం. స్నానానికి వెళ్లేముందు అతనే ఆమె కుడిచేతికి ప్లాస్టిక్ సంచి తొడిగి తాడు కట్టేవాడు. ఆమె లోపల ఉండి ఆ చేతిని తలుపు సందులోంచి బయటికి చాచేది. అతను బయట నిలబడి దాన్ని పట్టుకుని, గోడ వైపు చూస్తూ, వీధి కబుర్లు చెప్పేవాడు. లోపల ఆమె ఎడమచేత్తో ఒళ్లు తోముకునేది. చూసినవాళ్లెవరైనా ఉంటే కొత్త దంపతులనుకునేవాళ్లు.

"స్నానం సంగతి ఎవడన్నాడే? నేను లేనప్పటి సంగతి."

"నువ్వు లేనప్పుడు కూడా తగల్లేదు."

"మరి చీమెందుకు పట్టింది? ఆకాశంలోంచి ఊడిపడిందా?"

 దానికి జవాబు దొరక్కపోవడం ఆమెని చీము కంటే ఎక్కువ బాధపెట్టింది. ఎందుకంటే, మొన్న ఒకరోజు లాడ్జివాళ్లు ఉతకడానికిచ్చిన తెల్ల బల్లగుడ్డ మీద టీ మరక కనిపించింది. అప్పటికప్పుడు చన్నీళ్లలో జాడిస్తే పోయే మరక, ఆరిందంటే వదలదు. తెల్లమ్మ తొట్టి పక్కన నిలబడి ఎడమచెయ్యి కుళాయి మీద వేసింది. ఎడమచేత్తో చేస్తే మాత్రం, చిందిన నీళ్లు అటు పడకుండా ఉంటాయా అనుకుని చెయ్యి తీసేసింది. ఆ మరక ఆరిపోతుంటే చూస్తూ కూర్చుంది. అలాంటి మనిషిని పట్టుకుని నీళ్లలో పెట్టావంటే ఎలా ఉంటుంది?

వీధికి తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. మడతయ్యకి ఇస్త్రీపెట్టె ఎంత వేడెక్కితే నోరు అంత బాగా ఆడుతుంది. బట్టలకోసం వచ్చిన ప్రతి మనిషితోనూ, "చెయ్యి చీము పట్టిందండీ. నీళ్లకి దూరంగా ఉండవే అంటే వింటేనా," అని మొదలుపెట్టి, డాక్టరు వేళ్లు చూసి పట్టేసిన వైనం దాకా చెప్పేవాడు. నడిమిగదిలో మంచం మీద పడుకున్న తెల్లమ్మకి ప్రతి ముక్కా వినబడేది. పంతులమ్మగారు తలుపు దగ్గరికొచ్చి తొంగిచూసి, "ఏం పిన్నీ, నాలుగు రోజులు ఆ నీళ్లని వదిలెయ్యలేకపోయావా?" అని ముద్దుగా కోప్పడింది. తెల్లమ్మ నవ్వి ఊరుకుంది. కాదని ఎంతమందికి చెబుతుంది? ఎవరు వింటారు?

షెడ్డుకి తాళం పడ్డా ఉతుకు ఆగదు కదా. మధ్యాహ్నాలు మడతయ్యే తలుపు తీసుకుని లోపలికెళ్లి, మళ్లీ లోపల గడియ వేసుకుని ఉతికేవాడు. కిటికీలోంచి తెల్లమ్మకి ఆ చప్పుడు వినబడేది. బండ మీద బట్ట పడే చప్పుడును బట్టి అది సరిగ్గా నానలేదని, మెడపట్టీ రుద్దకుండానే జాడించేస్తున్నాడని ఆమెకి తెలిసిపోయేది. ఒకనాడు తాళ్ల మీద లాడ్జి దిండు గలీబులు గులాబిరంగులో ఆరుతూ కనిపించాయి. ఎర్ర కండువా ఏదో వాటితో కలిసి నానినట్టుంది.

"గలీబులు బాగున్నాయి," అంది ఆమె భోజనాల దగ్గర.

మడతయ్య కిటికీలోంచి తాళ్ల వైపు చూశాడు. "ఎండకి అలా కనిపిస్తున్నాయి," అన్నాడు.

"రాత్రి కూడా అలాగే కనిపిస్తాయి. వేడినీళ్లలో సోడా వేసి నానబెట్టు. ఎర్రదాన్ని మాత్రం మళ్లీ పెట్టకు."

అతను తలూపి, ఆమె పళ్లెంలో ముద్దలు చేసి పెట్టాడు. ఎడమచేత్తో తినడం ఆమెకి అలవాటు కాలేదని, ఎవరూ అడగకుండానే ముద్దలు చేసి వరసగా పెట్టేవాడు. అవి కూడా కొలత పెట్టి మడిచినట్టు ఉండేవి. పొద్దున్నే తల దువ్వేవాడు. జడ వెయ్యడం రాదు. జుట్టంతా వెనక్కి లాగి చొక్కా కాలరుకి పెట్టే పిన్నులాంటిది గుచ్చి వదిలేసేవాడు. ఇలాంటి మనిషి మీద కోపం నిలబెట్టుకోవడం కష్టమే. తెల్లమ్మ మాత్రం పట్టుదలగా నిలబెట్టుకుంది.

ఆ కోపం జారిపోయేది సాయంత్రం కట్టు మార్చేటప్పుడే. లోపలి గాజుగుడ్డని కదపొద్దనీ, పైకట్టు వదులైతే మార్చుకోవచ్చనీ సిస్టరు చెప్పింది. వదులవడం దాకా ఆగే మనిషా మడతయ్య? నలిగిన గుడ్డ ఇంట్లో ఉంటే అతనికి నిద్ర పట్టదు. ఉతికిన కట్టుగుడ్డల్ని ముందుగదిలో తనే ఇస్త్రీ చేసి, చుట్టలు చుట్టి, రోజుకొకటి తెచ్చేవాడు. మంచం అంచున కూర్చుని, ఆమె చేతిని తన మోకాలి మీద పెట్టుకుని, మణికట్టు దగ్గర మొదలుపెట్టి చుట్టుకుంటూ వచ్చేవాడు. ప్రతి చుట్టూ కింది చుట్టుని సగం కప్పేది. గుడ్డ ఎటు లాగితే ఎటు వస్తుందో అతని బొటనవేలికి తెలుసు. చివరి కొసని లోపలికి దోపి, అరచేత్తో ఒకసారి సాపు చేసేవాడు. వెచ్చగా, బిగుతుగా ఉండేది.

"జారితే నన్నడుగు," అనేవాడు.

"ఇంత బిర్రుగా ఎలా ఉంటుందయ్యా?"

"అది నా కిటుకులే. నీకెందుకు?"

సిస్టరు మెచ్చుకున్న దగ్గరి నుంచి ఆ పని మీద అతని శ్రద్ధ మరీ ముదిరింది. ముందుగదిలో పొద్దుపోయేదాకా ఏదో చేస్తూనే ఉండేవాడు. ఏమిటని అడిగితే, "శుక్రవారం తెలుస్తుంది," అనేవాడు.

*

శుక్రవారం పొద్దున్న మడతయ్య బట్టల మూట భుజాన వేసుకుని, ఇచ్చి వచ్చేస్తాననీ, ఈలోపు తయారుగా ఉండమనీ చెప్పి వెళ్లాడు. తెల్లమ్మ మంచం మీద కూర్చుని, చేతిని తలగడ మీద ఆనించి, కిటికీలోంచి ఎండ చూస్తోంది. మంచి ఎండ. దుప్పట్లకి పనికొచ్చే ఎండ. అది వృథాగా పోతుంటే మనసు ఉసూరుమంది.

మణికట్టు దగ్గర చిన్నగా చురుక్కుమంది. చూస్తే చీమ. దాని వెనక ఇంకోటి. గోడ మీంచి మంచం కోడు మీదుగా, తలగడ ఎక్కి, బారుగా వస్తున్నాయి. వచ్చినవి వచ్చినట్టే కట్టు అంచు కిందికి దూరుతున్నాయి.

ఒంట్లో తీపి ఎక్కువైందా ఏమిటి అని ఒక్కక్షణం గుండె ఝల్లుమంది. చీమల్ని ఊది, దులిపి, కట్టుని ఎడమచేతి వేళ్లతో పట్టుకుని చూసింది. అట్టముక్కలా బిరుసుగా ఉంది. గోటితో గీకింది. తెల్లటి పొట్టు రాలింది. అది ఏమిటో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. వానాకాలంలో గంజి పెట్టిన చొక్కాల దొంతరలకి చీమలు పట్టకుండా ఎన్నిసార్లు కాపలా కాసిందో. ముక్కు దగ్గర పెట్టుకుంది. పులిసిన వాసన. ఇల్లంతా గంజీ సబ్బూ కలిసిన వాసనే గనక, ముక్కుకి అది వేరే వాసనగా తెలియనే లేదు.

లేచి ముందుగదిలోకి వెళ్లింది. ఇస్త్రీబల్ల కింద, గుడ్డ తెర వెనక, గంజి గిన్నె ఉంది. పైన మీగడలా తెట్టె కట్టి బుడగలు వస్తున్నాయి. కాలర్లకి పెట్టే గంజి. ఓసారి కలిపితే అయిపోయేదాకా మడతయ్య దాన్ని పారబొయ్యడు. బట్టకయితే ఏమీ కాదు, వేడికి ఎండి గట్టిపడిపోతుంది. ఈ గిన్నెలో మాత్రం కట్టుగుడ్డ ఒకటి నానుతోంది. కాలరు జారకుండా నిలబెట్టే మనిషి, పెళ్లాం చేతికట్టు కూడా జారకుండా గంజి పెట్టాడు. సగం తడిగా ఇస్త్రీ చేసి, ఆ వెచ్చదనం మీదే తెచ్చి చుట్టాడు. కింది గాజుగుడ్డకి ఆ పులిసిన తడంతా రోజూ పీల్చుకోవడమే పని.

తెల్లమ్మకి ముందు వచ్చింది కోపం కాదు. సంతోషం. నేను పెట్టలేదు, నేను పెట్టలేదు అని లోపల ఎవరో చప్పట్లు కొట్టినట్టయింది. తన మాట మీద తనకే అనుమానం వచ్చే దాకా తెచ్చారు అందరూ కలిసి. నిద్దట్లో ఎప్పుడైనా తడిపానా అని కూడా అనుకుంది పాపం. కట్టు వెంటనే పీకెయ్యాలనిపించింది గానీ, ఆసుపత్రికి వెళ్లేదాకా ఓపిక పట్టింది. ఇది సాక్ష్యం. డాక్టరు ముందు, సిస్టరు ముందు, వరండాలో అంతమంది వింటుండగా మొగుణ్ణి ఉతికి ఆరెయ్యాలి. అక్కడే కదా తన పరువు తీశాడు, అక్కడే కక్కించాలి.

మడతయ్య వచ్చి, "పదవే," అంటే, కిమ్మనకుండా లేచింది. అతని చేతిలో కొత్త గుడ్డసంచి ఒకటి ఉంది. అందులో ఏముందో ఆమె అడగలేదు. బస్సులో దారి పొడుగునా అనబోయే మాటల్ని వరసగా పేర్చుకుంటూ కూర్చుంది. ఎక్కడ గొంతు పెంచాలో కూడా చూసుకుంది.

*

డ్రెస్సింగు గది బయటి బెంచీల మీద అప్పటికే జనం ఉన్నారు. మెడలో వేలాడే చేతులు, సిమెంటు కట్లు, పిన్నులు గుచ్చిన చేతులు. తెల్లమ్మకి చోటిచ్చిన ముసలాయన గడియారాలు బాగుచేస్తాడట. కుర్చీ మీంచి పడి దండచెయ్యి విరిగి, ఆపరేషనయింది. ఆయన కట్టు మాసిపోయి, మోచేతి దాకా జారి వేలాడుతోంది. దాన్ని మాటిమాటికీ పైకి లాక్కుంటున్నాడు.

మడతయ్య ఆ కట్టుని చూశాడు. చూసి ఊరుకోగలడా?

"తాతగారూ, ఇలా ఇవ్వండి," అని సంచి విప్పాడు.

సంచి నిండా కట్లు. తెల్లగా, గట్టిగా, అంచులు అతికినట్టు చుట్టిన చుట్టలు. మూడు రాత్రుళ్ల పని. అటు పక్క బెంచీ మీద చెయ్యి విరిగిన పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకున్న తల్లికి ఒకటిచ్చాడు. ఆ పక్కన లారీ డ్రైవరుకి ఒకటిచ్చాడు. "మా ఇంట్లోనే తయారు చేశానండి. సిస్టరుగారు చూసి ముచ్చటపడ్డారు. చుడితే మళ్లీ జారదు," అంటున్నాడు. పిల్ల తల్లి రెండు చేతులా అందుకుంది. మడతయ్య మొహం వెలిగిపోతోంది. అతని మొహం అంతగా వెలగడం తెల్లమ్మ చాలా రోజులకి చూసింది.

మడతయ్య వెళ్లి తాత ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని ఆయన పాత కట్టు విప్పేశాడు. లోపలి గాజుగుడ్డ తేలింది. సంచిలోంచి కొత్త చుట్ట తీసి కొస విప్పాడు.

"ఆగు," అంది తెల్లమ్మ.

ఆమె పేర్చుకున్న వరసలో ఆ మాట లేదు. డాక్టరు ఇంకా రానేలేదు. సిస్టరు లోపలెక్కడో ఉంది.

"ఏం?"

"అది కట్టకు."

"ఎందుకే? శుభ్రంగా ఉతికాను. కాలర్లకి పెట్టే గంజి పెట్టాను, ఇక చూడు..."

"ఎప్పుడు కలిపిన గంజి అది?"

మడతయ్య ఆలోచించాడు. "ఎప్పుడంటే, అలా కలుపుతూనే ఉంటాను కదా."

తెల్లమ్మ తన చేతిని అతని మొహం దగ్గరికి చాచింది. "వాసన చూడు."

అతను చూశాడు. ఇంకోసారి చూశాడు. కట్టు అంచు దగ్గర ఒక చీమ ఇంకా తచ్చాడుతోంది. దాన్ని వేలితో తీసి, వేలి మీద పెట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. అతనేమీ తెలివితక్కువవాడు కాదు. ఒక్కొక్కటే అర్థమవుతుంటే మొహంలో వెలుగు దిగిపోయింది. మంగళవారం డాక్టరు ముందు తాను అన్న మాటలు గుర్తొచ్చినట్టున్నాయి. పొద్దున్నుంచీ ఈ మొహం కోసమే తెల్లమ్మ ఎదురుచూసింది. తీరా చూస్తే ఆమెకి ఏమీ బాగా లేదు. 

"పోనీలేవయ్యా," అంది మెల్లగా. "సంచి మూసెయ్యి. లోపల నేను చెబుతాను."

మడతయ్య సంచి మూయలేదు. లేచి నిలబడ్డాడు. తాత చేతి దగ్గరి చుట్టని తీసి సంచిలో వేశాడు. లారీ డ్రైవరు దగ్గరికి వెళ్లి చెయ్యి చాచాడు. "ఇచ్చెయ్యండి బాబూ. పనికిరాదు. దీనివల్లే మా ఆవిడ చెయ్యి చీము పట్టింది." పిల్ల తల్లి దగ్గరికి వెళ్లి అదే మాట చెప్పాడు. ఆమె ఇవ్వడానికి తటపటాయిస్తే, "గంజి పెట్టానమ్మా. నా తెలివితక్కువ. పిల్ల చేతికి తగలనివ్వకు, నీ చేతులు కూడా కడుక్కో," అని అడిగి మరీ తీసుకున్నాడు. గొంతు తగ్గించలేదు. వరండాలో అందరూ విన్నారు. ఉతికి ఆరెయ్యడానికి తెల్లమ్మకి ఏమీ మిగల్లేదు.

చప్పుడుకి సిస్టరు బయటికొచ్చింది. కట్టు విప్పేసి కూర్చున్న తాతని ముందు లోపలికి తీసుకెళ్లింది.

*

"మళ్లీ నీళ్లేమైనా..." అని డాక్టరు మొదలుపెట్టగానే మడతయ్య అడ్డొచ్చాడు.

"లేదు సార్. తను అప్పుడూ పెట్టలేదు, ఇప్పుడూ పెట్టలేదు. నేను పెట్టాను. గంజి."

"ఏంటి?"

మడతయ్య సంచి బల్ల మీద పెట్టి మొదటి నుంచి చెప్పాడు. కలపడం, నానబెట్టడం, తడి మీద ఇస్త్రీ, వెచ్చగా చుట్టడం, ఒక్కటీ దాచలేదు. డాక్టరు ఒక చుట్ట తీసి వంచి చూశాడు. అది వంగలేదు. నవ్వు ఆపుకోవడానికి ఆయన కిటికీ వైపు తిరగాల్సి వచ్చింది. సిస్టరు మాత్రం నవ్వలేదు. "మొన్న దీన్నే కదండీ నేను మెచ్చుకున్నాను. బిరుసుగా ఉంటే చీము ఎండిందనుకున్నాను," అని నాలిక్కరుచుకుంది.

కట్టు విప్పి, కుట్లు తుడిచి, డాక్టరు చాలాసేపు చూశాడు. ఒత్తాడు. వేళ్లు ఒక్కొక్కటే ముడవమన్నాడు, చాపమన్నాడు. తెల్లమ్మ ఆయన కనుబొమల వైపే చూసింది. మడతయ్య ఎటూ చూడలేక బల్లకోడు పట్టుకుని నిలబడ్డాడు.

"అదృష్టం బాగుంది. మాత్రలు పనిచేస్తున్నాయి. ఎరుపు తగ్గింది, లోపలికి దిగలేదు," అన్నాడు డాక్టరు చివరికి. "ఈ రెండు కుట్లు తీసేసి కడుగుతాం. ప్లేటు జోలికి పోనక్కర్లేదు. ఆపరేషనయ్యాక చీము పట్టడానికి సవాలక్ష కారణాలుంటాయి, గంజి ఒక్కటే కారణమని నేను చెప్పలేను. చాలా మటుకు ఇదే అయ్యుంటుంది. ఇకనుంచి ఇంటి దగ్గర కట్టు విప్పడం లేదు, చుట్టడం లేదు. ఏదైనా ఇక్కడే. తెలిసిందా?"

"తెలిసింది సార్," అన్నాడు మడతయ్య.

డాక్టరు చేతితొడుగులు తీస్తూ కాస్త ఆగాడు. "మీరు అప్పుడే చెప్పారమ్మా. చుక్క కూడా తగల్లేదన్నారు. నేనే వినలేదు."

"ఈ వేళ్లు ఎప్పుడూ ఇంతేనండి," అంది తెల్లమ్మ, ఇన్నాళ్లకి.

"సరే. గుర్తుంచుకుంటాను," అన్నాడాయన.

బస్సు ఎక్కాక కూడా మడతయ్య సంచిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పారెయ్యమని సిస్టరు అంటే, ఉడకబెట్టి ఇస్త్రీబల్ల తుడవడానికైనా వాడుకుంటానని తెచ్చుకున్నాడు. గుడ్డని పారేసే మనిషి కాదు కదా. చాలాసేపటికి తెల్లమ్మే కదిపింది.

"నన్ను నమ్మలేదు నువ్వు."

"నమ్మకపోవడం కాదే. నీళ్లు లేకుండా నువ్వుండగలవని నేననుకోలేదు. ఎవరు చెప్పినా నువ్వు ఆగవని..."

"నువ్వు చెప్పావు. అందుకే ఆగాను."

మడతయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ, సంచి మూతిని విప్పుతూ మళ్లీ మడుస్తూ కూర్చున్నాడు. కొంతసేపటికి అతని భుజం వచ్చి ఆమె ఎడమ భుజానికి ఆనింది. ఆమె జరగలేదు.

*

ఇంటికి రాగానే షెడ్డు తాళం తీసేశాడు. తెల్లమ్మ లోపలికెళ్లి తొట్లు చూసి, అంచుకి పట్టిన మురికి చూసి, తిరిగొచ్చింది. ఆ చీవాట్లకి చెయ్యి బాగయ్యాక వేరే రోజు పెట్టుకుంది.

మర్నాడు పొద్దున్న పంతులమ్మగారు బట్టలకొచ్చింది. నడిమిగదిలో మంచం మీద ఉన్న తెల్లమ్మకి ఇస్త్రీపెట్టె బల్ల మీద ఆనిన చప్పుడు వినబడింది. తరవాత మొగుడి గొంతు.

"అమ్మగారూ, మొన్న మీకో మాట చెప్పాను. అది తప్పండి. మా ఆవిడ నీళ్లలో చెయ్యి పెట్టలేదు."

"అదేంటి, మరి డాక్టరే చెప్పాడన్నావు?"

"డాక్టరు కూడా తప్పే. గంజి పెట్టిన కట్టు కట్టాను నేను. దానికి పట్టింది చీము. తను చుక్క తగలనివ్వలేదు."

పంతులమ్మగారు వచ్చి తలుపు దగ్గర నిలబడి, "నన్ను క్షమించు పిన్నీ," అంది. తెల్లమ్మ నవ్వింది. ఆ నవ్వు మొన్నటి నవ్వులాంటిది కాదు.

ఆ తరవాత లాడ్జి మనిషి గులాబిరంగు గలీబులు పట్టుకుని పోట్లాటకి వచ్చాడు. మడతయ్య అతని కోపమంతా విని, గలీబులు మళ్లీ తెల్లగా చేసి ఇస్తానని ఒప్పుకుని, "అది సరేగానీ బాబూ, మా ఆవిడ చేతి సంగతి నీకో మాట చెప్పాలి," అని మొదలుపెట్టాడు. అతని తరవాత ఇంకొకరు. సాయంత్రానికి కథ బాగా కుదురుకుంది. ఎక్కడ ఆగాలో, చీమ ఎక్కడ రావాలో మడతయ్యకి తెలిసిపోయింది. పక్కవీధిలో ఎవరింటికో దారి అడగడానికి ఆగిన మనిషికి కూడా, ముందు దారి చెప్పి, తరవాత ఇది చెప్పాడు. ఆ మనిషికి పాపం తెల్లమ్మ ఎవరో, ఆవిడ చెయ్యి ఎందుకు తడవలేదో ఒక్క ముక్క అర్థమై ఉండదు.

వినీ వినీ తెల్లమ్మకే సిగ్గేసింది. "చాలు, ఇంక ఆపవయ్యా," అని కేకెయ్యడానికి లేచి తలుపు దాకా వచ్చింది. బల్ల దగ్గర ఎవరో కొత్తమనిషి చొక్కా చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. మడతయ్య ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, గొంతు సవరించుకుంటున్నాడు. ఈ ఒక్కడికీ చెప్పనిద్దాం, ఆ తరవాత ఆపమందాం అనుకుని, తెల్లమ్మ తలుపుకి ఆనుకుని నిలబడింది.